ముసుగు లేని వజ్రపక్షి

మా నాయన సుంకన్నకు ఒకటే పిచ్చి. తన ముఖం సినిమాలో కనబడాలి. మిగతా మగవాళ్ళకు తాగుడో పేకాటో ఉంటుంది, తిట్టో కొట్టో మాన్పించుకోవచ్చు. ఈ పిచ్చిని ఏమని తిట్టాలో మా అమ్మకు చచ్చేదాకా తెలియలేదు. ఆమె పోయాక ఆ పని కూతురిగా నా నెత్తిన పడింది, నాకూ చేతకాలేదు.

ఆయన వయసులో ఉన్నప్పుడు మా ఊరి గుట్టల్లో 'వజ్రపక్షి' అనే సినిమా తీశారు. వజ్రకరూరు చేలల్లో తొలకరి వానకు వజ్రపు రాయి దొరికిన ఒక కూలివాడికి రెక్కలు మొలుస్తాయి. ముఖానికి ముసుగు తొడుక్కుని, ఆకాశంలో ఎగిరి, దొంగల్ని చావబాది, చివర్లో మబ్బు చీల్చి వాన కురిపిస్తాడు. హీరో పేరు ప్రభంజన్. మద్రాసు నుంచి తెచ్చుకున్న డూపు వచ్చిన కొద్దిరోజులకే కాలు విరగ్గొట్టుకుంటే, చూడవచ్చిన జనంలోంచి మా నాయనను లాగారు. ఒడ్డూ పొడుగూ అచ్చం ప్రభంజన్ లాగే ఉన్నాడట. రేకు రెక్కలు కట్టుకుని గుట్ట మీద నుంచి దూకింది మా నాయన. మంటల్లోంచి నడిచింది మా నాయన. ముసుగు తీసి నవ్వింది మాత్రం ప్రభంజన్.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. మా ఊళ్ళో ఆయనకు పక్షి సుంకన్న అని పేరు పడింది. పొరుగూళ్ళవాళ్ళు మాత్రం, ముసుగు లోపల ఉండింది నువ్వేనని రుజువేమిటప్పా అని నవ్వేవాళ్ళు. పెళ్ళిళ్ళలో, సంతలో, బస్సులో అదే నవ్వు. నలభై ఏళ్ళు ఆ నవ్వు ఆయనను లోపల్లోపల కొరుక్కు తింది. అప్పట్లో పక్కటెముకలు విరిగిన సంగతి నవ్వుతూ చెప్పేవాడు గానీ, ఈ సంగతి ఎత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

నేను బెళుగుప్ప బస్టాండు పక్కన టిఫిన్ హోటలు నడుపుతాను. పొద్దున్నే ఊళ్ళోంచి ఇద్దరం వస్తాం, నేను పొయ్యి దగ్గర, ఆయన ఉల్లిపాయల దగ్గర. పోయిన వేసవిలో ఒక రోజు గుంతకల్లు ఖలీల్ వచ్చాడు. సినిమావాళ్ళకు మనుషుల్నీ మేకల్నీ ఎద్దులబండ్లనూ సమకూర్చి పెట్టడం అతని వృత్తి. వజ్రపక్షిని మళ్ళీ తీస్తున్నారని, దాన్ని రీబూట్ అంటారని, పాత కథను చంపేసి కొత్తది మొదలుపెట్టడమే దాని అర్థమని ఒక ప్లేటు ఉగ్గాణి తింటూ వివరించాడు. కొత్త వజ్రపక్షి హైదరాబాదు కుర్రాడు. పాత వజ్రపక్షి ముసలివాడై, శక్తులు పోయి, ఒక కరువు ఊళ్ళో దాక్కుని ఉంటాడు. వాన తెప్పించలేకపోయాడని జనం అతన్ని కొట్టి తరుముతారు. చివరికి కొత్తవాడి ఒళ్ళో తలపెట్టి, నాలుగు మాటలు చెప్పి చచ్చిపోతాడు. ప్రభంజన్ పోయి చాలాకాలమైంది కాబట్టి ఆ ముసలి వేషం మా నాయన వెయ్యాలట.

ఎంతిస్తారని నేను అడిగేలోపు నాయన కత్తి కింద పెట్టి ఇంకోటి అడిగాడు.

"ముసుగు ఉంటాదా?"

"ముసుగు లేదు చిన్నాయనా. మొగమే. తెర నిండా నీ మొగమే," అన్నాడు ఖలీల్.

ఆ రోజు ఇక ఉల్లిపాయలు కోసింది నేనే.

డైరెక్టరు భరత్‌కుమార్ చిన్నవాడు, పెద్ద మర్యాదస్తుడు. మా నాయనను సర్ అనేవాడు. ఆయన కూర్చునేదాకా తను కూర్చునేవాడు కాదు. మొదటిసారి చూసినప్పుడు ముఖాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురులో పెట్టి, నీడలో పెట్టి, సంతలో ఎద్దు పళ్ళు చూసినంతసేపు చూశాడు. "మీ ముఖంలోనే కరువు ఉంది సర్. దీన్ని మేకప్‌తో తేలేం," అన్నాడు. అది పొగడ్త అని మా నాయన మురిసిపోయాడు. నాకు మాత్రం అప్పుడే ఒళ్ళు మండింది. కరువు ఆయన ముఖంలో ఎందుకుంటుంది, మా చేలల్లో ఉంది. రెండేళ్ళుగా వేసిన వేరుశనగ వేసినట్టే మాడిపోయింది, బోర్లు దుమ్ము కక్కుతున్నాయి. కానీ మర్యాదగా మాట్లాడేవాణ్ణి ఏమని తిట్టాలి?

షూటింగు మా ఊళ్ళోనే పెట్టారు. ముసలి వజ్రపక్షిని తరిమే జనంగా మా ఊరివాళ్ళనే తీసుకున్నారు. అక్కడ చిక్కొచ్చిపడింది. మావాళ్ళకు కోపం రాలేదు. స్పాంజి రాళ్ళు, స్పాంజి చెప్పులు చేతికిచ్చి కొట్టమంటే, పసిబిడ్డకు దోమలు తోలినట్టు తోలారు. మా ఎదురింటి వనజాక్షి అయితే చెప్పు విసిరి, వెంటనే నాలుక కరుచుకుని, నవ్వుతూ దండం పెట్టింది. ఎన్నిసార్లు తీసినా అంతే. మా నాయన ఎండలో నిలబడి, ముఖంలో బాధ తెచ్చుకుని, ఆ నవ్వుల మధ్య వెర్రివాడిలా కనబడ్డాడు. ఇట్లయితే ఈ సీను తీసేసి, ముసలివాడు ముందే చచ్చిపోయినట్టు ఒక మాట చెప్పించేస్తామని డైరెక్టరు ఖలీల్‌తో అనడం నాయన చెవిన పడింది.

మరునాడు డైరెక్టరు ఊరి పెద్ద గంగాధరప్పను కూర్చోబెట్టుకుని, మీవాళ్ళకు కోపం తెప్పించాలంటే ఏం చెయ్యాలని అడిగాడు. గంగాధరప్ప ఆలోచించి చెప్పాడు.

"సుంకన్నను ఎట్ల కొడతాము సార్? మావోడు కదా. వాన కోసరమైతే కొట్టొచ్చు."

ఆ ఒక్క మాటతో మా నాయన బతుకు పోయింది. వాన కోసం కొట్టడం అంటే ఏమిటో చెప్పాలి. వాన రాకపోతే మట్టితో వానరాయుణ్ణి చేసి, పీట మీద పెట్టి, నెత్తిన మోసుకుంటూ ఇల్లిల్లూ తిప్పడం, ఆడవాళ్ళు కడవలతో నీళ్ళు పొయ్యడం మా చుట్టుపక్కల ఊళ్ళలో ఉంది. మా ఊళ్ళో ఇంకో మెట్టు ఎక్కువ. వరసగా ఎండితే మట్టిబొమ్మ చాలదు, మనిషి కావాలి. ఆ మనిషిని వానరాయుడని గాడిద మీద ఎక్కిస్తారు. చెప్పులదండ వేస్తారు, పేడనీళ్ళు పోస్తారు, చీపుర్లతో కొడతారు. వానరాయుడు సిగ్గుపడి ఏడవాలి, ఆ ఏడుపే వాన. అతను చెయ్యి ఎత్తకూడదు, నోరు మెదపకూడదు. రక్తసంబంధం ఉన్నవాళ్ళు అతన్ని తాకకూడదు. పేరు పెట్టి ఎవరూ పిలవకూడదు. మొదలుపెట్టాక పొలిమేర రాయి దాటేదాకా ఆపకూడదు. నా చిన్నప్పుడు ఒకసారి చేశారు. ఆ వానరాయుడు అటునుంచి అటే ఊరు విడిచి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. అందుకే ఈసారి ఎవరూ ముందుకు రాక ఊరు ఊరకుంది.

భరత్‌కుమార్ కళ్ళు మెరిశాయి. తనేమిటి, తన కథేమిటి, రెండూ మరిచిపోయి చేతులు జోడించాడు. అదే తీద్దాం అన్నాడు.

ఆ మాట హోటలుకు చేరగానే నేను పొయ్యి మీద నూనె వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తాను. నాయనను ఇంటి వెనకకు లాక్కెళ్ళి, ఇది సినిమా కాదు, వీళ్ళు నిజంగా కొడతారు, చంపినా ఆపరు, నీకు తెలియదా అని అరిచాను. ఆయనకు తెలియకేం. నాకంటే బాగా తెలుసు.

"తెలుసులేవే. సీను తీసేస్తే మొగం పడదు కదా," అన్నాడు.

వీధిలోకి పోయి, కెమెరా ఎటువైపు ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు తల ఎటు తిప్పితే ముఖం బాగా వస్తుంది అని అసిస్టెంట్లను అడుగుతూ నిలబడ్డాడు. ఆ ముసలాణ్ణి చూసి నాకు జాలి కంటే ముందు అసహ్యం వేసింది, ఉన్నమాట చెబుతున్నాను.

సీను తీసే పొద్దు ఊరంతా తలంటుకుని వచ్చింది. నిన్నటిదాకా బీడీలు కాలుస్తూ జోకులేసుకున్న జనం నోరెత్తలేదు. యూనిట్‌వాళ్ళు గంపల్లో తెచ్చిన స్పాంజి చెప్పులు ఎవరూ ముట్టుకోలేదు. ఉత్తుత్తి చెప్పులకు వాన రాదు కదా. గంగాధరప్ప తన తోలుచెప్పులు తెచ్చుకున్నాడు, అడుగున మేకులు కొట్టినవి. వనజాక్షి కడవ నిండా పేడనీళ్ళు కలిపి పెట్టుకుంది. దాంట్లో గులకరాళ్ళు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. భరత్‌కుమార్ మైకు పట్టుకుని, నేను కట్ అనగానే అందరూ ఆగిపోవాలి అని చెప్పాడు. అందరూ తల ఊపారు. మా ఊళ్ళో సర్కారువాళ్ళు ఏం చెప్పినా ఇట్లాగే తల ఊపుతారు. సినిమావాళ్ళు ఏదో ఫోటో తీసుకుంటున్నారు, మన పని మనం చేసుకుంటున్నాం అనే అనుకున్నారు వాళ్ళు. మావాళ్ళు నటిస్తున్నారని భరత్‌కుమార్ అనుకున్నాడు.

గాడిద మీద కూర్చోగానే మా నాయన సుంకన్న కాకుండా పోయాడు. మొదటి చీపురు వనజాక్షిది. చెప్పు విసిరి దండం పెట్టిన చెయ్యే. ఈసారి నవ్వలేదు. ఆ తర్వాత లెక్క లేదు. బోరు ఎండినవాడు, ఎద్దులు అమ్ముకున్నవాడు, కూలికి బెంగుళూరు పోయి తిరిగొచ్చినవాడు, అందరూ వచ్చి కొట్టారు. ఒరే రాయుడా, యాడ సచ్చినావురా, మా మీద నీకు దయ ల్యాదేమిరా అని పళ్ళు కొరుకుతూ కొట్టారు. కొందరు ఏడుస్తూ కొట్టారు. ముందర జీపు వెనక్కి నడుస్తూ ఉంది, దాని మీద కెమెరా. మా నాయన ఒక్క చెయ్యి ఎత్తలేదు. పేడనీళ్ళు కళ్ళల్లో పడ్డా తుడుచుకోలేదు. తల మాత్రం కెమెరా వైపే తిప్పి పెట్టుకున్నాడు. అందుకే ప్రతి దెబ్బా ముఖానికే తగిలింది.

భరత్‌కుమార్ కట్ అన్నాడు. మైకులో మళ్ళీ అన్నాడు. ఎవరూ ఆగలేదు. నేను యూనిట్‌వాళ్ళు అడ్డంగా కట్టిన తాడు దాటి పరుగెత్తబోతే నలుగురు ఆడవాళ్ళు నన్ను పట్టుకుని కింద కూర్చోబెట్టారు. నువ్వు తాకితే వాన పోతుందే తల్లీ, ఊరు పాడైపోతుంది, ఓర్చుకో అని బతిమాలారు, నా జుట్టు నిమిరారు. అక్కడ నుంచే చూశాను. డైరెక్టరు మూడోసారి చెయ్యెత్తాడు. ఎత్తినవాడు, ఎదురుగా ఉన్న చిన్న తెరలో ఏం కనబడిందో, ఆ చెయ్యి మెల్లగా దించి, కెమెరామన్ భుజం మీద వేశాడు. తియ్యి, ఆపకు అని దాని అర్థం. అంత మర్యాద గల చెయ్యిని నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత ఆ ఆడవాళ్ళు నన్ను పట్టుకునే జనం వెనక నడిపించారు. పొలిమేర రాయి కనబడుతుండగా గంగాధరప్ప మేకుల చెప్పుతో దవడ మీద కొట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు వినబడింది. మా నాయన అమ్మా అన్నాడు. ఆ ఒక్కసారే. జనం ఒక్క క్షణం ఆగి, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు, దెబ్బకు కాదు, నోరు తెరిచినందుకు. తర్వాత ఆయనను రాయి దాటించి, గాడిద మీద నుంచి దించి, మంచినీళ్ళు ఒక చెంబు తల మీద పోసి, వెనక్కి చూడకుండా ఊళ్ళోకి నడిచిపోయారు. వెనక్కి చూడకూడదు, అదీ పద్ధతే. రాయి దగ్గర నేను, మా నాయన, గాడిద మిగిలాం. భరత్‌కుమార్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఏడుస్తూ మా నాయన కాళ్ళకు మొక్కాడు. తర్వాత లేచి వెళ్ళి షాటు మళ్ళీ వేసుకుని చూశాడు.

అనంతపురం ఆసుపత్రిలో దవడకు తీగలు కట్టారు. ఎడమకన్ను రెప్ప తెరుచుకోలేదు. మిగిలింది చావు సీను, కొత్త హీరో ఒళ్ళో నాలుగు మాటలు చెప్పేది. నోరే తెరవలేనివాడు మాటలేం చెబుతాడు? యూనిట్ ఆగదు. భరత్‌కుమార్ ఆపిల్ పండ్లు తీసుకుని చూడవచ్చాడు, నోటికి తీగలున్నవాడికి. మంచం పక్కన నిలబడే మాట్లాడాడు. ఆసుపత్రి ఖర్చంతా కంపెనీదేనన్నాడు. మిగిలిన సీన్లు మేం మేనేజ్ చేసుకుంటాం, మీరు విశ్రాంతి తీసుకోండి సర్ అన్నాడు. మా నాయన వేలితో తన ముఖం చూపించి, కనుబొమలు ఎగరేశాడు.

"పడింది సర్. అద్భుతంగా పడింది," అన్నాడు భరత్‌కుమార్.

మా నాయన ఒక్క కంటితో నవ్వాడు. ఆ రాత్రి నొప్పి మందు అడగలేదట, నర్సు చెప్పింది.

వాన రాలేదు. ఆషాఢం పోయింది, శ్రావణంలో నాలుగు చినుకులు పడి దుమ్ము మీద మచ్చలయ్యాయి. సుంకన్న అమ్మా అని అరిచి అంతా చెడగొట్టాడని ఊళ్ళో అనుకున్నారు. ఆసుపత్రికి ఒక్కరూ రాలేదు. ఇంటికి తెచ్చాక కూడా, ఎదురింటి వనజాక్షి వాకిలి ఊడుస్తూ మమ్మల్ని చూసి లోపలికి పోయేది. తప్పు చేశామని కాదు, తప్పు ఆయనదని. నా హోటలుకు మా ఊరివాళ్ళు రావడం మానేశారు. నేను తిట్టని తిట్టు లేదు. మా నాయనకు అవేవీ పట్టలేదు. తీగలు తీశాక దవడ ఒక పక్కకు ఒరిగిపోయింది, మాట ముద్దగా వస్తుంది, అద్దంలో చూసుకుని, పర్లేదు, తీసేటప్పుడు బాగుండాది కదా అనేవాడు.

సంక్రాంతి దాటాక సినిమా విడుదలైంది. గుంతకల్లులో పొద్దుటాట మొత్తం మా ఊరికోసం కంపెనీవాళ్ళే పెట్టించారు, బస్సు కూడా పంపారు. మా నాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మధ్య వరసలో కూర్చున్నాడు. ముందు వరసలో గంగాధరప్ప, మా వెనకే వనజాక్షి. పక్కన కూర్చున్న ఖలీల్ నా ముఖం చూడటం లేదని అప్పుడే గమనించాల్సింది.

గాడిద సీను వచ్చింది. హాలంతా ఈలలు. తెర మీద గంగాధరప్ప ఇంతెత్తున కనబడ్డాడు, అదిగో నేను అని ఈ గంగాధరప్ప లేచి నిలబడ్డాడు. వనజాక్షి కడవతో కనబడింది. బోరు ఎండినవాడు, ఎద్దులు అమ్ముకున్నవాడు, బెంగుళూరు పోయొచ్చినవాడు, ఒక్కొక్కళ్ళ ముఖమూ చెమట చుక్క కూడా లెక్కపెట్టేటంత స్పష్టంగా కనబడింది. కొట్టినవాళ్ళ ముఖాలన్నీ పడ్డాయి. తర్వాత కెమెరా దెబ్బలు తినేవాడి దగ్గరకు జరిగింది. మా నాయన భుజాలు. మా నాయన మెడ, ఎండకు కమిలిన ఛాతీ, గాడిద డొక్కకు ఆనుకున్న ఆయన వంకర మోకాళ్ళు. వాటి మీద ప్రభంజన్ ముఖం. చచ్చిపోయిన ప్రభంజన్, జుట్టు తెల్లబడి, ముడతలు పడి, కన్నీళ్ళు కారుస్తూ చూస్తున్నాడు. మేకుల చెప్పు వచ్చి ఆ దవడకు తగిలింది. ఆ దవడ విరగలేదు.

నేను ఖలీల్ చొక్కా పట్టుకున్నాను. అతను మెల్లగా చెప్పాడు. చావు సీనుకు నాయన రాలేకపోయాడు కదక్కా, వేరే ముసలాయన ఒళ్ళు పెట్టి తీసినారు. రెండిటికీ ఒకటే మొగం ఉండాల కదా. ప్రభంజన్ కొడుకు ఒప్పుకున్నాడు, కంప్యూటర్లో అతికించినారు. అభిమానులు ఏడుస్తారని.

హాల్లో ఈలలు ఆగిపోయాయి. ఆడవాళ్ళు ముక్కులు చీదుతున్నారు. ఆ రోజు మా నాయన కోసం ఒక్క కన్నీటి చుక్క రాల్చనివాళ్ళు, వెనక్కి తిరిగి చూడనివాళ్ళు, తెర మీద ప్రభంజన్‌ను చూసి కుమిలిపోతున్నారు. నాయన కదలకుండా కూర్చున్నాడు. తెర నుంచి చూపు తిప్పలేదు. తన ముఖం ఎక్కడైనా, ఏ మూలనైనా, ఒక్క క్షణమైనా వస్తుందేమోనని వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. లేపి బయటికి తీసుకుపోదామని చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు.

ఇంటర్వెల్లుకు లైట్లు వేశారు. వెనక సీట్లోంచి వనజాక్షి ముందుకు వంగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఇన్ని నెలల తర్వాత మొదటిసారి మా నాయనతో మాట్లాడింది.

"చూడలేకపోతి సుంకన్నా. పాపం ఆయప్ప, ఎట్ల ఓర్సుకున్యాడో ఆ దెబ్బలు."

మా నాయన ఒరిగిన దవడతో ఆమె వైపు తిరిగాడు. పెద్ద యాక్టరు కదమ్మా అన్నాడు.

మాట ముద్దగా వచ్చింది, వనజాక్షికి అర్థం కాలేదు. ఏమంటివి అని చెవి దగ్గరగా పెట్టి, ఆయనతో మళ్ళీ చెప్పించుకుంది.